నాన్న చావు మాట ఎత్తితే ఆపకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నకు 67 ఏళ్లు, రెండేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చేది నేనే. గుండె కూడా బలహీనపడిందని డాక్టర్ అన్నారు. మొన్న రాత్రి నాన్న "నేను పోయాక అమ్మని సూరత్ పంపకు, ఈ ఇంట్లోనే ఉండనీ" అన్నారు. "ఊరుకో నాన్నా, అవేం మాటలు" అన్నాను. అటు తిరిగి పడుకున్నారు. సూరత్‌లో ఉన్న తమ్ముడు ప్రాచీన గ్రీసు, రోమ్‌ల స్టోయిక్ తత్వవేత్తల వీడియోలు పంపి, రాయిలా ఉండక్కా అంటాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను.

జవాబు: అమ్మా, రెండేళ్లుగా ఇంత బరువు మోస్తున్న మిమ్మల్ని ఇంకా గట్టిగా ఉండమని నేను అనను. ఆ రాత్రి నాన్నగారి మాట మధ్యలో ఆగిపోయింది చూడండి, దాని గురించే నా బాధ.

నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకునే మనిషి, నీళ్లు కొలుచుకుని తాగే మనిషి, దాహమేస్తే ఐసుముక్క చప్పరించి సరిపెట్టుకునే మనిషి. తన ఒంటి సంగతి ఆయనకి తెలియకుండా ఉంటుందా? మీ అమ్మగారి మీద బెంగ పెట్టుకున్నారు. అది చెప్పుకోవడానికి ఇంట్లో చెవి దొరకలేదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని మన ఇళ్లలో ఇలాంటి మాటలు నోట్లోనే నొక్కేస్తాం. ప్రేమకొద్దీ నొక్కేదే, కానీ అవతలి మనిషి ఒంటరైపోతాడు.

స్టోయిక్కులు కూడా రాయిలా ఉండమనలేదు. స్నేహితుడు సెరెనస్ పోయినప్పుడు అదుపు తప్పి ఏడ్చానని వాళ్లలో ఒకడైన రోమ్ తత్వవేత్త సెనెకా తనే రాసుకున్నాడు. తనకంటే చిన్నవాడు ముందు పోతాడని ఏనాడూ అనుకోకపోవడమే అందుకు కారణమన్నాడు. చావుని ముందే తలుచుకోమని వాళ్లు చెప్పింది అందుకే.

డయాలసిస్ అయిన రోజు నీరసపడిపోతారు, మర్నాడు కాస్త తేరుకుంటారు కదా. అప్పుడు పక్కన కూర్చుని "నాన్నా, మొన్న అమ్మ గురించి ఏదో అన్నావు, చెప్పు" అనండి. మధ్యలో సర్దిచెప్పకండి. కన్నీళ్లొస్తే ఆయన ముందే రానివ్వండి, కుళాయి తిప్పాల్సిన పని లేదు.

ఇల్లు అమ్మగారికే దక్కాలని ఆయన కోరితే విల్లు రాయించండి. అక్కడ కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయని జంకకండి, తెలుగులో రాసిన విల్లూ చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. ఆస్తి అందుకునేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపు తగాదాకి అవకాశం తగ్గుతుంది.

నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడిని వీడియోలు ఆపి పదిరోజులు సెలవు పెట్టి రమ్మనండి. ఆ పదిరోజులూ ఆటోలో నాన్నగారి పక్కన అతను కూర్చోవాలి, ఇంట్లో మీరు పడుకోవాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి.