బీడీఎస్ తర్వాత లివర్‌పూల్‌లో ఇంటర్నేషనల్ పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, డాక్టరే అయ్యుండాలని లేదు, నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ వాళ్ళు కూడా వస్తారు. కాకపోతే ఇది పేషెంట్లని చూసే చదువు కాదు, ఎండీకి బదులు అస్సలు కాదు, ఇక్కడ చాలామంది అక్కడే పొరపాటు పడతారు. ఉన్న కొద్ది డబ్బు టీకాలకి పెట్టాలా, మంచినీళ్ళకా, ప్రసూతి సేవలకా, ఆశా వర్కర్లలాంటి వాళ్ళతో ఊళ్ళల్లో పని ఎలా నడిపించాలి, పెట్టిన స్కీమ్ పనిచేసిందో లేదో లెక్కల్లో ఎలా తేల్చాలి, ఇవన్నీ పేద దేశాల పరిస్థితుల్లో నేర్పిస్తారు. ఎపిడెమియాలజీ (జబ్బులు జనాల్లో ఎలా, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), స్టాటిస్టిక్స్ తప్పవు, లెక్కలంటే భయమైతే ముందే కొంచెం చూసుకోండి.

ఈ కోర్సు ఉన్న లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ (వేడి దేశాల జబ్బుల వైద్యం) స్కూల్ 1898లో పెట్టారు, వలస పాలన, ఓడల వ్యాపారం అవసరాల కోసమే అనుకోండి. 1897లో సికింద్రాబాద్‌లో దోమల్లో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ తర్వాత అక్కడే పాఠాలు చెప్పాడు, 1902లో నోబెల్ కూడా వచ్చింది.

యూకేలో కోర్సు ఒక ఏడాదే, కానీ ఫీజు మాత్రం వాచిపోద్ది, అందుకే బ్రిటన్ ప్రభుత్వం డబ్బిచ్చే కామన్‌వెల్త్, చీవెనింగ్ స్కాలర్‌షిప్‌లకి ట్రై చెయ్యండి, చీవెనింగ్‌కి రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్ళు ఇండియాకి తిరిగొచ్చి ఉండాలి. అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దంటాను నేను, ఎన్జీవో జీతాలతో ఆ ఈఎంఐలు తీరవు. ఇక్కడే కావాలంటే హైదరాబాద్ ఐఐపీహెచ్‌లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది.