గుమ్మం దగ్గర కూర్చున్న మనిషిని ఎలా చేర్చుకోవాలి?

వందనాలు. మీ చర్చి సంఘానికి కొత్తగా వస్తున్న పెద్దాయనకు ఒకప్పుడు కుష్ఠువ్యాధి ఉండేదని, ఆయన పక్కన కూర్చోవడానికి జనం ఇష్టపడటం లేదని రాశారు. చిత్తూరులో మా సంఘంలోనూ ఇదే జరిగింది. ముందు మా తప్పు చెబుతాను.

మా దగ్గరికి వచ్చిన ఆయన రెండేళ్లు గుమ్మం బయట, చెప్పులు విడిచే చోటే కూర్చున్నారు. పండుగలకు బియ్యం, దుప్పటి ఇచ్చేవాళ్లం. అక్కడ కూర్చోవడం ఆయన వినయమని మేమే అనుకుని మెచ్చుకున్నాం కూడా. చివరికి ఒక ఆదివారం మా మామగారు వెళ్లి, "అన్నా, లోపలికి ఎందుకు రావు?" అని అడిగారు. ఆయన పాదాలు చూపించారు. అరికాళ్లకు స్పర్శ లేదు. ముల్లు దిగినా, ఎండకు కాగిన బండ మీద నడిచినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అందుకని ఆస్పత్రిలో మెత్తటి అడుగున్న చెప్పులు ఇచ్చి, ఉత్త కాళ్లతో ఎక్కడా నడవవద్దన్నారట. మా మందిరంలోకి చెప్పులతో రాకూడదు. ఆయన్ను బయట ఆపింది ఆ నియమం!

తర్వాతి వారం పాస్టరు అయ్యగారే చేయి పట్టుకుని, చెప్పులతోనే ఆయన్ను మూడో వరుసకు తీసుకొచ్చారు. ఇద్దరు ముగ్గురు లేచి దూరంగా వెళ్లారు. మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు. మార్కు సువార్త 1వ అధ్యాయం చూడండి, ప్రభువు ముందు చేయి చాపి కుష్ఠరోగిని ముట్టారు, ఆ తర్వాతే స్వస్థత.

భయపడేవాళ్లను మందలించవద్దు. వేలూరు ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకరు మా సంఘంలో ఉన్నారు. ఆమె కూర్చోబెట్టి చెప్పాకే మావాళ్ల భయం సగం తగ్గింది. మందులు 6 లేదా 12 నెలలు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. వాడటం మొదలైన కొద్ది రోజులకే వ్యాధి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. వంకరపోయిన వేళ్లు దెబ్బతిన్న నరాల గుర్తు మాత్రమే. వేళ్లు అరిగిపోయేది మాంసం కుళ్లి కాదు, నొప్పి తెలియక తగిలే గాయాల వల్లనని ఆ వేలూరులోనే కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు.

ఆరాధన తర్వాత ఇచ్చే కాఫీ దగ్గర జాగ్రత్త. మీ పెద్దాయనకు చేతివేళ్లలోనూ స్పర్శ పోయి ఉంటే, వేడి స్టీలు గ్లాసు చేతికిస్తే ఆయనకు తెలియకుండానే వేళ్లు బొబ్బలెక్కుతాయి. పిడి ఉన్న కప్పు మంచిది. అయితే ఆయన ఒక్కరికే వేరే కప్పు దయచేసి పెట్టకండి, అందరికీ అవే పెట్టండి. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎంత కోసేదో మనలో చాలామంది అమ్మానాన్నల నోట విన్నవాళ్లమే.

ఇవ్వడం మాకు తేలికగానే వచ్చింది. ఆయన దగ్గర తీసుకోవడమే రాలేదు. కోత పండుగకు ఆయన తన పెరట్లో కాసిన గుమ్మడికాయ కానుకగా తెచ్చారు. కానుకలను వేలం వేసినప్పుడు దానికి ఎవరూ పాట పాడలేదు. నా చేయి కూడా లేవలేదు, ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. చివరికి మామగారే వేలం పాడి ఇంటికి తెచ్చారు. ఆ రాత్రి నేనే పులుసు పెట్టాను.

తర్వాతి ఆదివారం, కాయ తెచ్చిన ఆయనతో చాలా తియ్యగా ఉందని చెబితే, "తిన్నారా అమ్మా?" అన్నారు. తిన్నామన్నాను. కాసేపాగి మళ్లీ, "పిల్లలు కూడా తిన్నారా?" అని అడిగారు.