ఏటా బైబిలు పూర్తిచేస్తున్నా ఏమీ నిలవడం లేదు, ఎలా చదవాలి?

మీరు అడిగింది ఇదీ: రాజాం దగ్గర పల్లె మీది. జనవరిలో మొదలుపెట్టి ఏటా బైబిలు ముగిస్తున్నారు, ఎవరైనా అడిగితే మాత్రం నాలుగు మాటలు చెప్పలేకపోతున్నారు. రోజుకు అరగంట మించి దొరకదు. పైగా ఇప్పుడు బుధవారం స్త్రీల కూటంలో వాక్యం చెప్పమంటున్నారు.

సిస్టర్, చిక్కు మీ లెక్కలోనే ఉంది. బైబిలులో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైన పడతాయి. ఆదికాండం 50, నిర్గమకాండం 40 దాటేసరికి జనవరి నెలాఖరు. ఆ తర్వాత లేవీయకాండం, సంఖ్యాకాండం. ఎక్కువమంది అక్కడే చతికిలబడతారు. ఆగనివాళ్ళు కూడా ఆ రోజు వంతు అయిపోతే చాలన్నట్టు చదువుతారు; కళ్ళు వచనాల మీద, మనసు పొయ్యి మీద. ఆసాంతం చదవడం తప్పని అనడం లేదు. ఒక్కసారైనా అలా చదవనివాళ్ళు చదివితీరాలి. మీరు చదివేశారు కదా, ఈ ఏడు ఆ టిక్కులు పెట్టే కాగితం బీరువాలో పెట్టేసి, ఒక్క చిన్న పుస్తకం పట్టుకుని నెలా నెలన్నర అందులోనే ఉండిపోండి.

మొదటిదానికి నా ఓటు ఫిలిప్పీయులకు రాసిన పత్రికకి, అంటే ఫిలిప్పీ అనే ఊళ్ళోని సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరానికి. 4 అధ్యాయాలు, 104 వచనాలు. బిగ్గరగా చదివినా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రోమా పత్రికతో మొదలుపెట్టమని కొందరంటారు, వినకండి. ప్రకటన గ్రంథం జోలికి అసలే వద్దు.

ముందు సామాను. బైబిలు కాగితం పల్చన, దాని మీద స్కెచ్ పెన్ను వాడితే వెనక పేజీకి దిగిపోతుంది. ఫోనులోని బైబిలు యాప్ నుంచి ఈ పత్రిక మొత్తం కాపీ చేసి, జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో, వరసల మధ్య ఎడంగా, పక్కన మూడు వేళ్ళ మార్జిన్ వదిలి, ఒకవైపే ప్రింటు తీయించుకోండి. వీలైతే అధ్యాయాల అంకెలూ మధ్యమధ్య వచ్చే ఉపశీర్షికలూ తీసేయించండి. ఆ శీర్షికలు అచ్చువేసినవాళ్ళు పెట్టినవి, పౌలు రాసినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్థిరపడింది, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో వచ్చాయి. అంకెలు కనబడనప్పుడు ఇది ఉత్తరం అని గుర్తుంటుంది. ఇవి కాక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు, మూడు రంగు పెన్సిళ్ళు చాలు.

పాత తర్జుమా గ్రాంథికం అని భయపడొద్దు. మన పక్కనున్న విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నో చేతులు మారి వచ్చిన భాష అది. కూటంలో అందరి చేతుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి అదే ముఖ్యంగా చదవండి. అర్థం కాని చోట వాడుకభాష తర్జుమా తెరిచి పోల్చుకోండి.

మొదటి వారం రాత పని పెట్టుకోవద్దు. తొలిరోజు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి, ఫిలిప్పీలో సంఘం ఎలా పుట్టిందో అక్కడుంది: ఊదారంగు పొడి అమ్మే లూదియ, నడిరాత్రి చెరసాల, ఆత్మహత్యకు కత్తి దూసిన చెరసాల నాయకుడు. మరుసటి రోజు నుంచి పత్రిక మొత్తం ఒకే కూర్చోవడంలో, గొంతు విప్పి, రోజుకొకసారి. ఎవరు రాస్తున్నారు, ఎక్కడి నుంచి, ఎవరికి, ఎందుకు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు ఉత్తరంలోనే వెతకండి. మూడో రోజుకల్లా మీకే తెలిసిపోతుంది: రాసేవాడు సంకెళ్ళలో ఉన్నాడు (1:13, అంటే 1వ అధ్యాయం 13వ వచనం). ఫిలిప్పీవాళ్ళు ఎపఫ్రొదితు చేత డబ్బో సామానో పంపారు (4:18). ఆ వచ్చినవాడు జబ్బుపడి చావుదాకా వెళ్ళి బతికాడు (2:27). ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎంతోమంది రోగుల్ని బాగుచేసిన పౌలు, తన పక్కనున్న తోటి పనివాడు అంత జబ్బుపడితే విశ్వాసం లేక జబ్బు వచ్చిందని అనలేదు, దేవుడు కనికరించాడని మాత్రమే రాశాడు. స్వస్థత కూటాల్లో వినే కొన్ని మాటల్ని ఈ ఒక్క వచనం పక్కన పెట్టి తూచుకోవచ్చు.

రెండో వారం నుంచి చేత్తో రాయడం. రోజుకు 8 వచనాలు, 13 రోజుల్లో అయిపోతుంది. నోట్‌బుక్కులో ఎడమ పేజీలో వాక్యం, కుడి పేజీలో మీ ప్రశ్నలు. రాసేటప్పుడు చెయ్యి మెల్లగా నడుస్తుంది కాబట్టి చదివేటప్పుడు జారిపోయిన మాటలు పట్టుబడతాయి. రాశాక ప్రింటు కాగితం మీద గుర్తులు: క్రీస్తు పేరు వచ్చినచోటల్లా ఎరుపు, మనుషుల పేర్లకు నీలం, కాబట్టి, అయితే, ఎందుకనగా, కావున లాంటి ముడిమాటలకు ఆకుపచ్చ. అంతకు మించి రంగులు వాడకండి. పేజీ సంక్రాంతి ముగ్గులా తయారై, ఏ రంగు దేనికో మీకే గుర్తుండదు. ముడిమాటల్ని మాత్రం వదలొద్దు. అసలు వాదన వాటిలోనే ఉంటుంది.

ఇలా గుర్తులు పెట్టినవాళ్ళకు ఈ పత్రికలో ఒక దారం దొరుకుతుంది. ఒకే మనసుతో నిలవండి అని 1:27లో అంటాడు. అదే మాట 2:2లో మళ్ళీ. దాని వెంటనే, తన్ను తాను రిక్తునిగా, అంటే ఖాళీగా, చేసుకుని సిలువదాకా తగ్గించుకున్న క్రీస్తు గురించిన భాగం (2:5-11). ఆ తర్వాత తనకోసం చూసుకోని తోటి పనివాడు తిమోతి, ప్రాణానికి తెగించిన ఎపఫ్రొదితు. ఇక 4:2కి వస్తే యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీల పేర్లు పెట్టి ఏకమనసు కలిగి ఉండమని బతిమాలుతున్నాడు. సువార్త పనిలో తనతోపాటు ప్రయాసపడినవాళ్ళు వాళ్ళు, మామూలు మనుషులు కారు. అంత ఎత్తైన క్రీస్తు మాటలు పడికట్టు సిద్ధాంతంగా రాయలేదు, మాట పట్టింపులు పుట్టిన ఒక సంఘానికి రాశాడు. విడివిడి వచనాలు చదివితే ఇది జన్మలో కనబడదు.

ఇప్పుడు డిసెంబర్ 31 రాత్రి కూటంలో కొత్త ఏడాదికని ఒక్కో వచనం రాసి ఇస్తే తీసుకునే వాగ్దానపు కార్డుల సంగతి. 4:13, అంటే బలపరచువానియందు సమస్తము చేయగలను అన్నది, పరీక్షలకీ ఉద్యోగాలకీ వాడని ఇల్లుండదు. దాని ముందున్న రెండు వచనాలు చదవండి: కడుపు నిండినా ఆకలిగా ఉన్నా, ఉన్నా లేకపోయినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటాడు. ఆ సమస్తంలో ఆకలి కూడా ఉంది. అలాగే 4:19, నా దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును. ఆ మాట అందుకున్నది ఎవరు? పౌలు అవసరంలో ఉన్నప్పుడు ఒకటికి రెండుసార్లు పంపినవాళ్ళు (4:16). ఫిలిప్పీ మాసిదోనియలోది, ఆ ప్రాంతపు సంఘాలు నిరుపేదతనంలోనే ధారాళంగా ఇచ్చాయని 2 కొరింథీయులకు 8:1-2లో ఉంది. చేతిలో ఉన్నది ఊడ్చి ఇచ్చినవాళ్ళకు చెప్పిన ధైర్యం అది. దీనివల్ల వాగ్దానం చిన్నదైపోదు, దాని బరువు తెలుస్తుంది. మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 కూడా అంతే: పై వచనంలోనే డెబ్బై ఏళ్ళని ఉంది. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు రాసిన ఉత్తరం, అందుకున్నవాళ్ళలో చాలామంది తిరుగుప్రయాణం చూడకుండానే పోతారు.

మూడో అంచె, రిఫరెన్సులు. వచనాల పక్కన చిన్న అక్షరాలతో ఇచ్చేవాటిని అన్నిటినీ తిరగేస్తే అరగంట వాటికే పోతుంది. ముందు ఇదే పత్రికలో ఆ మాట ఇంకెక్కడుందో చూడండి, తర్వాత పౌలు మిగతా పత్రికలు, ఆపైన పాత నిబంధన. ఒక్కటి మాత్రం తప్పక తీయండి: 2:10-11 చదివి, యెషయా 45:23 తెరవండి. ప్రతి మోకాలు తన ఎదుట వంగుతుందని అక్కడ యెహోవా ప్రమాణం చేస్తున్నాడు. తాను తప్ప వేరొక దేవుడు లేడని ఆ అధ్యాయమంతా పదేపదే చెప్పిన తర్వాత వచ్చే మాట అది. పౌలు దాన్ని తెచ్చి యేసు నామానికి పెట్టాడు. యూదుడై పుట్టి, ధర్మశాస్త్రంలో పెరిగినవాడు ఇలా రాశాడంటే ఎంత సాహసమో ఆలోచించండి. యేసు దేవుడని మీరు చిన్నప్పటి నుంచీ పాడుతూ ఉండొచ్చు. దానికి ఆధారం మీ వేళ్ళతో మీరే తిరగేసి చూసుకున్న రోజున ఆ పాట వేరేగా వినబడుతుంది.

అర్థం కానివి ఉంటాయి. నోట్‌బుక్కు ఆఖరి పేజీలో "అడగాల్సినవి" అని రాసుకుని ముందుకు వెళ్ళండి. సగం వాటికి జవాబు పక్క వచనంలోనే ఉంటుంది. భయముతోను వణకుతోను మీ రక్షణ కొనసాగించుకొనుడి అని 2:12లో చదివి కంగారుపడేవాళ్ళు 2:13 చదవరు, మనలో పనిచేసేవాడు దేవుడేనని అక్కడుంది. వ్యాఖ్యాన గ్రంథాలూ యూట్యూబు ప్రసంగాలూ నాలుగో వారానికి ముందు ముట్టుకోవద్దు. ముందే వింటే మీ కళ్ళకు ఆ ప్రసంగీకుడు చెప్పిందే కనబడుతుంది. విన్నాక సరిచూసుకోవడం మీ హక్కు. పౌలు చెప్పిన మాటల్నే బెరయ అనే ఊరివాళ్ళు రోజూ లేఖనాలు తీసి పరిశీలించారు (అపొ. 17:11). అయితే సరిచూసుకోవడం వేరు, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరు గారిని నిలదీయడం వేరు. సందేహముంటే నోట్‌బుక్కు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళి అడగండి.

ప్రతి భాగం చివర ఒక్క పని రాసుకోండి, మనిషి పేరుతో, రోజుతో. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే ఎవరూ చేయరు. "శనివారం లోపల తోడికోడలికి ఫోను చేయాలి" అని రాస్తే చేశారో లేదో ఆదివారానికి తేలిపోతుంది. ప్రార్థనకు మాటలు రాకపోతే 1:9-11 తీసుకుని, "మీ" అన్నచోట ఒక్కొక్కరి పేరు పెట్టి చదవండి. కంఠస్థానికి విడి వచనం కంటే 2:5-11 మంచిది. ఏడు వచనాలు, రెండు రోజులకొకటి చొప్పున రెండు వారాలు.

ఉభాలప్పుడు (వరినాట్లప్పుడు), కోతలప్పుడు పుస్తకం తెరవడం కుదరదు. ఆ రోజుల్లో ఆడియో బైబిలులో ఇదే పత్రికను పనిలో వినండి. కొత్తది మొదలుపెట్టవద్దు.

ఇక బుధవారం కూటం. మొత్తం పత్రిక ఒక్కరోజు చెప్పాలని చూడకండి. వారానికి పది పన్నెండు వచనాలు, అరగంట. మొదట ఆ భాగాన్ని మెల్లగా రెండుసార్లు చదివించండి, చదువు రానివాళ్ళు ఉంటారు కదా. తర్వాత ఒకరిని తమ మాటల్లో తిరిగి చెప్పమనండి. చదువు రాని పెద్దవాళ్ళే దీంట్లో ముందుంటారు, విన్నది విన్నట్టు పట్టుకుంటారు. మీరు ప్రశ్న వేయగానే "మాకేటి తెలుస్తాదమ్మా, నువ్వే సెప్పు" అంటారు. అక్కడ లొంగిపోతే అది ప్రసంగమైపోతుంది. ప్రశ్నను చిన్నది చేయండి: ఇందులో ఎవరెవరి పేర్లున్నాయి? పౌలు ఏం అడుగుతున్నాడు? ఎందుకు అడుగుతున్నాడు? అడిగాక పదిదాకా మనసులో లెక్కపెట్టి ఆగండి. ఆఖరున, వచ్చే బుధవారంలోగా దీని ప్రకారం ఏం చేస్తామో ఒక్కొక్కరూ ఒక్క మాట. ఒక జాగ్రత్త: 4:2 చెప్పే రోజున, మీ సంఘంలో మాట్లాడుకోని ఇద్దరి వైపు పొరపాటున కూడా చూడకండి. కూటం రెండు ముక్కలవుతుంది. వాళ్ళ దగ్గరికి విడిగా వెళ్ళండి, పౌలు మూడో మనిషి సాయం అడిగింది అందుకే (4:3).

ఫిలిప్పీ అయ్యాక మార్కు సువార్త, 16 అధ్యాయాలు, వారానికి ఒకటి. ఆ తర్వాత రూతు గ్రంథం. కోసిన పొలంలో పరిగె ఏరుకోవడమంటే ఏమిటో మన ఆడవాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. కావాలనే కొన్ని పరకలు పడెయ్యండని పొలం యజమాని బోయజు పనివాళ్ళకు చెప్పడం (రూతు 2:16) చదవగానే నవ్వుతారు. అప్పుడు లేవీయకాండం 19:9-10 తీయండి, పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, పరిగె బీదలకూ పరదేశులకూ వదిలేయాలని ఉంటుంది. ఆ మీదట అదే లేవీయకాండం 25వ అధ్యాయంలో 25వ వచనం, బీదవాడు అమ్ముకున్న భూమిని దగ్గరి బంధువు విడిపించే సంగతి. ఏటా జనవరి నెలాఖరుకు నిద్ర తెప్పించిన ఆ పుస్తకాన్ని ఆ రెండు చోట్ల నుంచి మొదలుపెట్టి చదవండి.