అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ పాస్‌కు, అంటే బంతిని ముందుకు విసరడానికి, 1906లోనే అనుమతి వచ్చినా అమెరికా కాలేజీ జట్లు దాన్ని ఎందుకు అంతగా వాడలేదు?

నిబంధనలే భయపెట్టాయి. 1905 సీజన్‌లో విద్యార్థుల మరణాల తర్వాత గుంపుగా తోసుకెళ్లే ఆటను తగ్గించడానికి 3 డౌన్లలో (బంతిని ముందుకు తీసుకెళ్లడానికి జట్టుకు దక్కే ప్రయత్నాల్లో) దాటాల్సిన దూరాన్ని 5 నుంచి 10 గజాలకు పెంచి, పాస్‌ను అనుమతించారు. కానీ పాస్ ఎవరికీ తగలకుండా నేలను తాకితే బంతి ప్రత్యర్థిదే. బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే ఆటగాడైన సెంటర్‌కు కనీసం 5 గజాలు పక్కగా పాస్ రెండు జట్ల మధ్య లైన్ దాటాలి కూడా. పైగా బంతి లావుగా ఉండేది, వేళ్లకు పట్టు దొరికేది కాదు.

1906 సెప్టెంబర్ 5న సెయింట్ లూయిస్ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన తొలి పాస్‌కు జరిగింది సరిగ్గా ఇదే: నేల తాకింది, బంతి కారోల్ కాలేజీకి పోయింది. అయినా అదే మ్యాచ్‌లో మళ్లీ విసిరి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి పాయింట్లు పొందడం) సాధించారు. ఆ తెగువ నిజంగా మెచ్చుకోదగ్గది! అదే ఏడాది స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విద్యార్థులు మాత్రం ఏకంగా రగ్బీకి మారారు. నాలుగో డౌన్ 1912లో గానీ రాలేదు.