ర్యామ్ పెంచాక బ్లూ స్క్రీన్ వస్తోందా? విండోస్ మళ్లీ వేయించకండి, ముందు ర్యామ్‌ని టెస్ట్ చేయండి

పాత 8 జీబీకి తోడు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించినప్పటి నుంచి డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, బ్లూ స్క్రీన్ మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వస్తోందని, షాపులో విండోస్ మళ్లీ వేద్దామంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి. ర్యామ్‌లో తేడా ఉండగా విండోస్ ఎక్కిస్తే కొత్త ఫైళ్లు కూడా పాడవచ్చు. సంగతి తేలేదాకా అందులో ముఖ్యమైన పనులేవీ చేయకండి. ర్యామ్‌లో చెడిన డేటానే డిస్క్‌లో సేవ్ అయిపోతుంది. ఫొటోలు గానీ లెక్కల ఫైళ్లు గానీ పాడైన సంగతి ఎప్పుడో తెరిచి చూస్తే గానీ తెలియదు.

లాసన్స్ బే కాలనీలో మా అక్కావాళ్లింట్లో అచ్చం ఇదే జరిగింది. పాత ర్యామ్ స్టిక్ డీడీఆర్4 రకం, వేగం 2666. కొత్తదీ అదే రకం, వేగం 3200. దేన్ని ఒక్కదాన్నే పెట్టి నడిపినా కంప్యూటర్ శుభ్రంగా నడిచేది. రెండూ కలిపితేనే గొడవ. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్‌ల స్క్రీన్‌లోకి వెళ్లి చూస్తే, ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంది, అంటే పాత స్టిక్‌ని కూడా 3200 వేగంతో పరిగెత్తిస్తోంది. దాన్ని ఆఫ్ చేయగానే రెండూ 2666కి దిగాయి. ఆ తర్వాత మళ్లీ బ్లూ స్క్రీన్ రాలేదు. రోజువారీ వాడకంలో ఆ వేగం తేడా మా అక్కకి తెలియనే లేదు.

కాబట్టి మీరూ ముందు ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి చూడండి. ఏఎండీ బోర్డుల్లో దీన్ని డీఓసీపీ అనో, ఇంకో పేరుతోనో పిలుస్తారు. అయినా బ్లూ స్క్రీన్ ఆగకపోతే పవర్ కేబుల్ పీకేసి, స్టిక్‌లు తీసి, రెండు చివర్లూ టక్కుమని పట్టుకునేలా మళ్లీ గట్టిగా నొక్కండి. స్టిక్‌లు పెట్టే స్లాట్లు నాలుగుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. మన వైజాగ్‌లో బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి, తేమకి కాంటాక్టుల మీద, అంటే స్టిక్ అంచున ఉండే బంగారు రంగు గీతల మీద పొర పడుతుంది. మెత్తటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. అందరూ ఎరేజర్‌తో రుద్దమంటారు కానీ నాకది నచ్చదు. పలచటి బంగారు పూత అరిగిపోతుంది, పైగా ఆ పొడి స్లాట్‌లో చేరుతుంది.

ఇక అసలు పరీక్ష మెమ్‌టెస్ట్86. ర్యామ్‌ని పరీక్షించే ఈ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, విండోస్‌కి బదులు దాన్నుంచే కంప్యూటర్‌ని బూట్ చేయండి. ఒక్కో స్టిక్‌ని విడిగా పెట్టి, రాత్రి పడుకునేముందు మొదలుపెట్టండి. గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ‘ఒకటే కదా’ అని వదలకండి, మంచి ర్యామ్‌కి ఒక్కటి కూడా రాకూడదు. అదే స్టిక్‌ని వేరే స్లాట్‌లో పెట్టి మళ్లీ చూడండి. అక్కడా వస్తే తప్పు స్టిక్‌ది. ఒక స్లాట్‌లో ఏది పెట్టినా ఎర్రర్ వస్తుంటే అనుమానం బోర్డు మీదకి మళ్లుతుంది.

కొత్త స్టిక్‌దే తప్పని తేలితే ఎర్రర్లు కనబడేలా స్క్రీన్‌కి ఫొటో తీసి, బిల్లుతో సహా షాపుకి తీసుకెళ్లి వారంటీలో మార్చమనండి.