పావుగంట సాగే రాక్ పాటలో ఏముందని అంత ఇష్టం?

ఇప్పటి సింఫొనిక్ ప్రోగ్రెసివ్ రాక్ (ఆర్కెస్ట్రా ధ్వని కలిపిన, పొడుగాటి పాటల రాక్) ఆల్బమ్‌ల కోసం కొందరు ఎందుకంత పడిచస్తారు, ఒక్కో పాట పావుగంట ఉంటే ఓపిగ్గా ఎలా వింటారు అని అడిగారు. నేను బాగా విన్న ఒక ఆల్బమ్ పట్టుకుని చెప్తాను: బిగ్ బిగ్ ట్రైన్ అనే ఇంగ్లండు బృందం వాళ్ళ 'ఇంగ్లిష్ ఎలక్ట్రిక్'. మొదటి భాగం 2012లో, రెండోది 2013లో వచ్చాయి. నాకు ప్రాణం రెండో భాగం.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ. ఈ ఊరి సంగతి ఎందుకు ఎత్తానో ముందుకెళ్తే తెలుస్తుంది.

'సింఫొనిక్' అన్న పేరు చూసి చాలామంది ఇదేదో దర్బారు సంగీతం అనుకుంటారు. 1970ల మొదట్లో జెనెసిస్, యెస్ లాంటి బృందాలు గిటారు, డ్రమ్స్ మధ్యకి ఆర్కెస్ట్రా ధ్వనిని తెచ్చాయి. అందుకు మెల్లోట్రాన్ అనే కీబోర్డు వాడేవారు. మీట నొక్కితే లోపల వయొలిన్లో ఫ్లూటో రికార్డు చేసిన టేపు తిరుగుతుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది. బిగ్ బిగ్ ట్రైన్ వాళ్ళు ఆ బాణీని నిలబెడుతూనే నిజం వయొలిన్లు, నిజం బ్రాస్ వాద్యాలు (ట్రంపెట్ లాంటి ఇత్తడి బాకాలు) తెచ్చుకున్నారు. అయితే నన్ను కట్టిపడేసింది వాద్యాల సంఖ్య కాదు. అంత ఆర్భాటమంతా ఎవరి కోసం చేశారన్నది.

రెండో భాగంలో మొదటి పాట 'ఈస్ట్ కోస్ట్ రేసర్'. పదిహేను నిమిషాలు దాటుతుంది. ఇది మల్లార్డ్ అనే ఆవిరి ఇంజను కథ. డాంకాస్టర్ వర్క్‌షాపులో తయారైంది, గీసినవాడు నైజెల్ గ్రెస్లీ. 1938 జూలై 3న స్టోక్ బ్యాంక్ అనే పల్లపు దారిలో గంటకి 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ అదే రికార్డు. పాట ఒంటరి పియానోతో మొదలవుతుంది. తొందరేమీ ఉండదు. ఇంజను గీసినవాళ్ళు, కట్టినవాళ్ళు, తోలినవాళ్ళు ఒక్కొక్కరే కథలోకి వస్తారు, వాళ్ళ వెనక బేసు, డ్రమ్స్, వయొలిన్లు చేరతాయి. పరుగు అందుకునేసరికి గాయకుడు డేవిడ్ లాంగ్డన్ గొంతు బృందమంతటి మీదుగా లేస్తుంది. ఆ ఘట్టం దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ ముక్క ఒక్కటే కోసి వినిపిస్తే మాత్రం ఏమీ అనిపించదు. అంతకుముందు పది నిమిషాలు ఆ మనుషుల పక్కన గడిపాం కాబట్టే అక్కడ అంత బలం. నిడివి అందుకు కావాలి.

మా మావయ్య నౌపడా-గుణుపురం చిన్న రైలు ఇంజన్ల దగ్గర ఫిట్టరుగా పనిచేశారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను అది. 1900లో మా ఊరి వరకు వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి వేసి 2011లో మళ్ళీ తెరిచారు. ఈ పాట మావయ్యకి వినిపిస్తూ ఒక్కో చరణం కథ తెలుగులో చెప్పాను. రికార్డు పరుగులో మధ్య సిలిండరు బిగ్ ఎండ్ బేరింగు (సిలిండరు నుంచి వచ్చే కడ్డీ ఇరుసుకి తగులుకునే చోటు) వేడెక్కిపోయిందనగానే ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను తీసేసి, "అంత జోరుగా తోలితే బేరింగు కాలిపోదేటి? డ్రైవరుకి వాసన తగల్లేదేటి?" అన్నారు. ఆ తరగతి ఇంజన్లలో సరిగ్గా ఆ బేరింగులోనే సోంపు వాసన వచ్చే గొట్టం పెట్టేవారు, వేడెక్కితే డ్రైవరుకి ముక్కు ద్వారా తెలియాలని. నేను చదివి తెలుసుకున్నది ఆయన వినగానే అడిగారు. తర్వాత పాట మళ్ళీ మొదట్నించి పెట్టమన్నారు. ఇంగ్లిషు రాదు, రాక్ సంగీతం అలవాటు లేదు. కానీ తన పని మీద ఇంత పెద్ద పాట కట్టారని ఆయనకి అర్థమైంది.

ఈ ఆల్బమ్ ఆకర్షణంతా నాకు అక్కడే ఉంది. మనవైపు హరికథ రాత్రి సాగేది దేవుళ్ళ కోసం, మహాభక్తుల కోసం. అంతటి విస్తారాన్ని వీళ్ళు ఫిట్టర్లకీ బొగ్గు కార్మికులకీ ఇచ్చారు. 'స్వాన్ హంటర్' పాట టైన్ నది ఒడ్డున మూతపడిన ఓడల కార్ఖానా గురించి. ఒకప్పుడు మారిటానియా లాంటి మహా నౌక తయారైన చోటు. 'వర్క్‌డ్ అవుట్' బొగ్గు గనుల మనుషుల గురించి. ఈ ఆల్బమ్‌లో ట్రంపెట్, ట్రాంబోన్ ఎందుకు మోగుతాయో తెలిస్తే అది రెండింతలు నచ్చుతుంది. ఇంగ్లండు గని ఊళ్ళలో కార్మికులే బ్రాస్ బ్యాండ్లు నడిపేవారు, షిఫ్టు దిగి వాయించేవారు. అంటే ఆ వాద్యాలు సొగసు కోసం అతికించినవి కావు, ఆ మనుషుల సొంతవి.

తాళాల గురించి ఒక మాట. ఈ రకం సంగీతంలో నాలుగు దెబ్బల లెక్క తప్పి ఐదు, ఏడు, తొమ్మిది వస్తుంటే కొత్త శ్రోతలు కంగారుపడతారు. మనకి ఆ బెడద ఎక్కువ ఉండకూడదు. తకిట తకధిమి అని మిశ్రచాపు వేసిన చేతికి ఏడు కొత్త కాదు. ఖండచాపు తెలిసినవాళ్ళకి ఐదూ అంతే. మొదట తొడ మీద తాళం వేస్తూ వినండి, చిక్కు దానంతటదే విడిపోతుంది.

ఈ కోవలో వచ్చేవన్నీ ఇలా ఉండవని కూడా చెప్పాలి. వేళ్ళ వేగం చూపించడానికే ఇరవై నిమిషాలు సాగదీసే ఆల్బమ్‌లు బోలెడు. అలాంటిది ముందు తగిలి మీరు విసిగిపోయి ఉంటే అందులో మీ తప్పేం లేదు. నిడివి కథకి పనికొస్తోందా లేదా అన్నదే నేను చూసే గీటురాయి.

వినడం మొదలుపెడితే ఫోను స్పీకరులో వద్దు. బేసు, బ్రాస్ రెండూ అందులో చచ్చిపోతాయి. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. పాట సాహిత్యం ఎదురుగా పెట్టుకుని 'ఈస్ట్ కోస్ట్ రేసర్' మొత్తం ఒక్క ఊపులో వినండి. నచ్చితే అదే రోజు 'స్వాన్ హంటర్', ఇంకోరోజు 'ది పర్మనెంట్ వే'. మొదటి భాగంలోని రాగాలు కొన్ని దీంట్లో మళ్ళీ తిరిగొస్తాయి, కాబట్టి మొదటి భాగం విన్నాక దీన్ని ఇంకోసారి వినడం మంచిది. రెండూ కలిపిన 'ఫుల్ పవర్' సంచిక కూడా 2013లోనే వచ్చింది. లాంగ్డన్ 2021లో చనిపోయారు. బృందం వేరే గాయకుడితో కొనసాగుతోంది, కానీ కొత్తవాళ్ళెవరైనా ఆయన గొంతుతోనే మొదలుపెట్టాలని నా పట్టు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి 1972 నాటి జెనెసిస్ 'ఫాక్స్‌ట్రాట్' వినండి. అందులో చివరి పాట ఇరవై నిమిషాలు దాటుతుంది. 'ఈస్ట్ కోస్ట్ రేసర్' ఎక్కినవాళ్ళకి అది బరువనిపించదు.