కొత్త నైలాన్ తీగలు శ్రుతిలో ఎందుకు నిలవవు?

మీరు అడిగింది: క్లాసికల్ గిటార్‌కి కొత్త నైలాన్ సెట్ వేశారు, మూడు రోజులైనా శ్రుతి దిగిపోతూనే ఉంది. ముడి జారుతోందా, శ్రుతి తిప్పే కీలు పాడయ్యాయా, కార్బన్ గానీ స్టీల్ గానీ వేస్తే ఈ గొడవ వదులుతుందా?

స్టీల్ మాత్రం వెయ్యకండి. నైలాన్ తీగలు ఆరూ కలిసి గిటార్‌ని సుమారు 40 కిలోల బరువుతో లాగుతాయి. స్టీల్ సెట్ 70 కిలోల దాకా పోతుంది. క్లాసికల్ గిటార్ పైపలక అంత లాగుడు కోసం కట్టింది కాదు. పలక ఉబ్బుతుంది, లేదా బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే చెక్క) ఊడి వస్తుంది.

కీల మీద కూడా అనుమానం పెట్టుకోకండి. వాటిలో ఉండే వర్మ్ గేర్ తీగ లాగినంత మాత్రాన వెనక్కి తిరగదు. ఇక ముడి. అది జారితే శ్రుతి ఒక్కసారిగా పడిపోతుంది, మీకు తెలిసిపోతుంది. అయినా మనసు ఊరుకోకపోతే బ్రిడ్జి దగ్గర, తీగ రంధ్రంలోంచి బయటికొచ్చే చోట, మార్కర్‌తో ఒక చుక్క పెట్టి మర్నాడు చూడండి. మీరు చెప్పినట్టు శ్రుతి సన్నగా, ఆగకుండా దిగుతోందంటే అది తీగలో లోపం కాదు, నైలాన్ గుణం.

నైలాన్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. బిగించగానే స్ప్రింగులా కొంత సాగుతుంది, అది వెంటనే అయిపోతుంది. ఆ తర్వాత లోపలి గొలుసులు ఒకదాని పక్క నుంచి ఒకటి నెమ్మదిగా జరుగుతూ, లాగుడుకి అనుగుణంగా సర్దుకుంటూ ఉంటాయి. దీన్నే క్రీప్ అంటారు. కొత్తగా అల్లిన నవారు మంచం వదులైతే మళ్లీ బిగిస్తాం కదా, అలాంటిదే. నట్‌కీ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) బ్రిడ్జికీ మధ్య దూరం మారదు కాబట్టి ఈ సర్దుబాటంతా టెన్షన్ తగ్గడంగా కనిపిస్తుంది. టెన్షన్ నూటికి ఒక వంతు తగ్గితే చాలు, శ్రుతి దాదాపు 9 సెంట్లు దిగుతుంది. అర స్వరానికి 100 సెంట్లు అనుకుంటే, చెవికి తెలిసేంత తేడానే.

ఇందులో తెలుసుకోదగ్గది దాని వేగం. మొదటి నిమిషం నుంచి పదో నిమిషం దాకా ఎంత దిగుతుందో, పదో నిమిషం నుంచి నూరో నిమిషం దాకా కూడా ఇంచుమించు అంతే దిగుతుంది. అంటే పూర్తిగా ఆగదు గానీ, రోజులు గడిచేకొద్దీ పట్టించుకోనక్కర్లేనంత నెమ్మదిస్తుంది. నేను తీగలు మార్చిన రాత్రి అర స్వరం పైకి బిగించి వదిలేస్తాను, పొద్దున సరైన చోటికి దించుతాను. దించాక కాసేపు శ్రుతి పైకి పాకుతుంది, కంగారు పడకండి. లాగుడు తగ్గించగానే గొలుసులు కొంత వెనక్కి ముడుచుకుంటాయి. ఆరో తీగని ఈ (E) స్వరం నుంచి డీ (D)కి దించి వాయించేటప్పుడు అది కాస్త పైకి జరుగుతూ ఉండేది కూడా ఇందుకే. కొందరు తీగని చేత్తో గట్టిగా లాగి సాగదీస్తారు. మెల్లగా అయితే పరవాలేదు. బలంగా లాగితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ సాగి మందం మారుతుంది. అలాంటి తీగ పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర ఎన్నటికీ సరిగ్గా పలకదు.

నైలాన్ తేమ కూడా పీలుస్తుంది. నీటి అణువులు గొలుసుల మధ్య చేరితే అవి ఇంకా సులువుగా జరుగుతాయి. ఎండిన నైలాన్ 6 (నైలాన్‌లో ఒక రకం) మెత్తబడటం మొదలయ్యేది 50 డిగ్రీల దగ్గర, తేమ చేరితే అది మామూలు గది వేడి దాకా దిగుతుంది. అందుకే వాన రోజున కుదురుగా ఉన్న తీగ ఏసీ గదిలో వేరేలా ప్రవర్తిస్తుంది.

ఇక కార్బన్. పేరు అలా పెట్టారు గానీ అందులో కార్బన్ ఫైబర్ ఏమీ లేదు. అది ఫ్లోరోకార్బన్ ప్లాస్టిక్, చేపలు పట్టే దారాలకీ వాడేది. తేమ దాదాపు పీల్చదు కాబట్టి వాతావరణం గొడవ తగ్గుతుంది, నా గిటార్ మీద నైలాన్ కంటే త్వరగానే కుదురుకుంది. కానీ అదీ సాగుతుంది. దాని అసలు లాభం వేరే ఉంది. నైలాన్ సాంద్రత నీటి కంటే కాస్తే ఎక్కువ, సుమారు 1.1. ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.8. కాబట్టి అదే శ్రుతి, అదే టెన్షన్ సన్నటి తీగతో వస్తుంది: నైలాన్ మూడో తీగ ఒక మిల్లీమీటరు మందం ఉంటే ఇది 0.78 చుట్టూ ఉంటుంది. వంగడానికి తీగ చూపే మొరాయింపు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లావు నైలాన్ మూడో తీగ వంగినప్పుడల్లా లోపలి రాపిడి పై స్వరాలను మింగేస్తుంది, అందుకే అది డబ్‌మని మొద్దుగా మోగుతుంది. నేనైతే ఆ ఒక్క తీగనే కార్బన్‌ది వేసుకుంటాను. మొత్తం సెట్ వేస్తే మొదటి తీగ నా చెవికి మరీ పదునుగా ఉంటుంది, ఇది ఎవరి ఇష్టం వాళ్లది.

ఇంకో నాలుగైదు రోజులు రోజూ వాయిస్తూ శ్రుతి చేసుకోండి. అప్పటికీ ఒక్క తీగే దిగుతూ ఉంటే దాని ముడి విప్పి మళ్లీ కట్టండి.